నలభైమంది ఆరోగ్యవంతులు, ఒక పోలమ్మ

వెంకటసుబ్రహ్మణ్యంగారి తాతగారు బందరు తాలూకా ఆఫీసులో గుమాస్తా. తండ్రి మొవ్వలో లెక్కల మాస్టారు. ఫారం మీద గడిలో ఏం రాసి ఉంటే అదే నిజమని ఇద్దరూ గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతోనే పెన్షను పుచ్చుకుని వెళ్లిపోయారు. మన డాక్టరుగారికి ఆస్తి కింద దక్కింది ఆ నమ్మకమే. చివరికి కొంప ముంచిందీ అదే.

ఆయన గుడివాడ దగ్గర ఓ ప్రైవేటు వైద్య కళాశాలలో పరిశోధన చేస్తారు. మన పేగులు తిండి అరగదీసి ఊరుకునే రకం కాదు, హార్మోన్లు కూడా తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. వాటిని తయారుచేసే కణాల్లో ఎప్పుడో, ఎవరికో గడ్డలు పుడతాయి. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లని వాటికి పేరు. ఆవగింజంతగా మొదలై ఏళ్ల తరబడి నింపాదిగా పెరుగుతాయి. కొందరికి ఉన్నట్టుండి మొహం ఎర్రబడుతుంది, నీళ్ల విరేచనాలవుతాయి. ఈలోగా రోగి పదిమంది డాక్టర్ల గడప తొక్కుతాడు. పదిమందీ గ్యాసంటారు. మన జిల్లాలో గ్యాసు కాని జబ్బేదీ? గుండెనొప్పి వచ్చినవాడు కూడా ముందు సోడా తాగి, ఆ తరవాతే అంబులెన్సుకి ఫోను చేస్తాడు.

ఈ గడ్డల్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఒకటుంది. దాని కిట్టు విదేశం నుంచి వస్తుంది. అంకె వంద దాటితే అనుమానించాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. సుబ్రహ్మణ్యంగారికి ఆ వంద నచ్చలేదు.

"రొట్టెముక్కలు తినేవాళ్ల కడుపుకి కట్టిన లెక్క, గోంగూర తినే మన కడుపుకెలా సరిపోతుందండీ?" అన్నారు.

మాట సబబుగానే ఉంది. డెల్టా మనిషికి ఎంత ఉండాలో తేల్చడానికి నలభైమంది ఆరోగ్యవంతులు కావలసి వచ్చారు. బందరు వాకర్స్ క్లబ్బు అధ్యక్షుడు, రిటైర్డ్ హెడ్మాస్టరు గోవర్ధనరావుగారు ఒక్క ఫోనుతో ముప్ఫైమందిని తోలుకొచ్చారు. మిగతా పదిమందీ గుడ్లవల్లేరు లెక్చరర్లు. "గత పదిహేను రోజుల్లో ఏవైనా మందులు వాడారా?" అన్న గడిలో నలభైమందీ ముత్యాల్లాంటి అక్షరాలతో "లేదు" అని రాశారు.

రక్తాలు తీస్తే సగటు మూడువందలొచ్చింది.

"కిట్టు పాడైందేమోనండీ సార్," అంది ల్యాబులో పనిచేసే శ్రీదుర్గ.

మళ్లీ చేశారు, మళ్లీ అంతే వచ్చింది. సుబ్రహ్మణ్యంగారి ఒళ్లు పులకరించింది. ప్రపంచంలో ఎక్కడా లేని పేగు మనది! డెల్టా మనిషికి ఆరువందల దాకా మామూలేనని తేల్చి, దానికి "కృష్ణా డెల్టా ప్రమాణం" అని నామకరణం చేసి, పెద్ద సదస్సుకి వ్యాసం పంపించారు. జిల్లా పేపర్లో ఫొటో పడింది. మన పేగులు మూడింతలు ఘనమైనవని తెలిసి బందరు బందరంతా నెల్లాళ్లు ఛాతీ విరుచుకు తిరిగింది.

ఆ రోజుల్లోనే నాగాయలంక పక్క పల్లె నుంచి పోలమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి, యాభైకి దగ్గర పడుతోంది.

"బాబుగారూ, ఉన్నట్టుండి మొహం కందగడ్డలాగా అయిపోతందండీ. రోజుకి ఆరేడుసార్లు బయటికెళ్లాలి. చాటుగా కల్లు తాగుతున్నానని మా ఆయన ఊరంతా చెప్పాడు. నాలిక్కి చుక్క తగల్నిదాన్నండీ నేను. జబ్బయితే జబ్బని కాయితం రాసివ్వండి. జబ్బు పడతాను గానీ ఈ మాట పడలేను."

పదిహేను రోజులు ఏ మందూ ముట్టుకోవద్దని చెప్పి పంపి, ఆ తరవాత పరీక్ష చేశారు. నాలుగువందల ముప్ఫై వచ్చింది. డబ్బా మీది లెక్కన నాలుగింతలు, ఆయన లెక్కన నిక్షేపం. కలం ఒక్క క్షణం ఆగిన మాట నిజం. కానీ సొంత ప్రమాణాన్ని తానే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? "నార్మల్" అని రాసి సంతకం పెట్టారు.

"ఏమీ లేదమ్మా. గ్యాసు," అన్నారు.

పల్లెలో ఆ కాగితాన్ని పోలమ్మ మొగుడు కోటిలింగం పదిమందిలో చదివించాడు. జబ్బు లేదని డాక్టరే రాశాక ఎర్రమొహానికి ఇంక మిగిలిన కారణం ఒకటే కదా. అప్పటిదాకా అనుమానం, ఆ రోజు నుంచి రుజువైన నేరం. తాగుబోతుదాని బుట్టలో చేపలెందుకని కొనేవాళ్లు కూడా తగ్గారు.

ఎనిమిది నెలలయ్యాక వాకర్స్ క్లబ్బు డాక్టరుగారికి సన్మానం పెట్టింది. నలభైమంది ఆరోగ్యవంతులూ ముందు వరసల్లో కూచున్నారు. ముందు భోజనాలు, తరవాత శాలువా. పోలమ్మ మళ్లీ కాలేజీకి వెళ్తే ఆయన బందరులో ఉన్నారన్నారు. వెతుక్కుంటూ బస్సెక్కి, సరిగ్గా విస్తళ్లు వేసేవేళకి హాల్లోకొచ్చింది.

అప్పుడే గోవర్ధనరావుగారు జేబులోంచి ఓ బిళ్లల అట్ట తీశారు. ఒకటి నోట్లో వేసుకుని అట్ట పక్కాయనకిచ్చారు. పక్కాయన ఇంకో పక్కాయనకిచ్చారు. అట్ట వరస చివరికెళ్లి, తాంబూలం పళ్లెంలా వెనక్కి తిరిగొచ్చింది. పొట్ట పట్టుకుని నిలబడ్డ పోలమ్మని చూసి గోవర్ధనరావుగారికి జాలేసింది.

"గ్యాసా అమ్మా? ఇదిగో, ఒకటి వేసుకో."

"మందులొద్దండీ. ఈ బాబుగారు మళ్లీ రక్తం తీస్తారేమో. అప్పుడు ఒద్దన్నారని తలనెప్పికి బామ్ కూడా రాసుకోలేదండీ నేను."

"గ్యాస్ బిళ్ల మందెందుకవుతుందమ్మా! పదేళ్లుగా రోజూ కాఫీకి ముందు పడాల్సిందే. ఆ రక్తం తీసిన రోజున కూడా వేసుకునే వెళ్లాను."

"మేమూనండీ," అన్నారు గుడ్లవల్లేరు లెక్చరర్లు.

సుబ్రహ్మణ్యంగారు చెయ్యి చాచి ఉన్నారు. ఆ అరచేతిలోనూ ఒక బిళ్ల ఉంది. రోజూ వేసుకునే ఆ బిళ్ల ఈ అంకెని మూడింతలు చేస్తుందని మెడికల్ విద్యార్థులకి ఆయనే పాఠం చెబుతారు. తన ఫారం మీద తనని అడిగినా "లేదు" అనే రాసి ఉండేవారు! ఇంతమంది బిళ్లలు మింగి ఆరోగ్యవంతులై, ఏ బిళ్లా లేని ఒట్టి కడుపుతో వచ్చిన ఒక్క మనిషిని తమ వరసలో కలిపేసుకున్నారు. ఆయన సిగ్గుపడి ఆ బిళ్లని విస్తరి పక్కన పెట్టేశారు.

శాలువా కప్పగానే మైకు అందుకుని, "ఈ ప్రమాణం తప్పండీ. నేను పొరపాటు చేశాను," అన్నారు.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి.

"నిండుకుండ తొణకదు! ఎంత వినయమండీ," అన్నారు గోవర్ధనరావుగారు కళ్లు తుడుచుకుంటూ.

ఆయన మళ్లీ చెప్పబోతే పూలదండ నోటికి అడ్డమొచ్చింది.

మర్నాడే పోలమ్మకి స్కానింగు చేశారు. చిన్నపేగులో గడ్డ, అది పాకిన గుర్తుగా కాలేయం మీద రెండు మచ్చలు కనిపించాయి. ఆపరేషనుకి లొంగుతుందని సర్జను అన్నాడు. ఎనిమిది నెలల కిందట ఆ మచ్చలున్నాయో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరన్నాడు. సుబ్రహ్మణ్యంగారు సదస్సువాళ్లకి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి, కొత్త రిపోర్టు మీద సంతకం చేసి పోలమ్మకిచ్చారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"కాయితం ఒద్దు బాబుగారూ. పోయినసారి కాయితంతోనే గదా నా పరువు పోయింది. మీరొచ్చి చెప్పండి."

ఆదివారం పొద్దున ఆయన పల్లెకి వెళ్లారు. ఏటి ఒడ్డున పడవల దగ్గర ఊరంతా చేరింది. కోటిలింగం ముందే నిలబడ్డాడు. పొద్దున్నే వేసుకొచ్చినట్టున్నాడు, నాలుగడుగుల దూరానికే వాసన తెలుస్తోంది.

"తాగినోళ్ల మొహం నాకు తెలవదాండీ? రోజూ అద్దంలో చూస్తానే ఉన్నాను," అన్నాడు.

జనం నవ్వారు. సుబ్రహ్మణ్యంగారు ముందుకొచ్చారు. సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడిన మనిషే. ఇక్కడ కాగితం లేదు, మైకు లేదు, చప్పట్లు కొట్టేవాళ్లూ లేరు.

"పోలమ్మది జబ్బే. తాగుడు కాదు. ఆ రోజున రక్తంలోనే కనిపించింది. తప్పు నాది," అన్నారు నేల చూస్తూ.

నవ్వులు ఆగాయి. పెళ్లాం మొహంలోకి చూడలేక కోటిలింగం పడవవైపు తిరిగాడు. పోలమ్మ కొంగు నడుముకి బిగించింది.

"ఇంకోసారి చెప్పండి బాబుగారూ, గట్టిగా. ఎనకున్నోళ్లకి ఇనపళ్లేదు."

సుబ్రహ్మణ్యంగారు తలెత్తి మళ్లీ చెప్పారు.