కాయ కల్లంలో ఉండగా సముద్రానికి వెళ్ళాను

నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. గొంతు కూడా మంచిది కాదు. చిన్నప్పటినుంచీ మిరపకాయ ఘాటు పీల్చిన గొంతు, గరగరలాడుతుంది. అందుకని మా అమ్మాయి మధ్యమధ్యలో రాయడం ఆపి, "ఏంటమ్మా, మళ్ళీ చెప్పు" అంటోంది. మళ్ళీ చెబుతున్నాను.

మా అమ్మాయి చీరాల అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో పనిచేస్తుంది. గదులు సర్దే ఆడవాళ్ళందరి మీదా అజమాయిషీ దానిదే. అక్కడ పనిచేసేవాళ్ళు ఏడాదికొకసారి, రద్దీ లేని రోజు చూసుకుని, ఇంట్లోవాళ్ళను ఒక రోజు ఉచితంగా తెచ్చి పెట్టుకోవచ్చట. రెండేళ్ళుగా "రావే అమ్మా" అని పోరుతోంది. నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. మొన్న ఎండాకాలం మొదట్లో నన్నడగకుండానే నా పేరు రాయించి, ఫలానా రోజు బస్సెక్కు అని ఫోను చేసింది. ఆ రోజుకు నా కాయ కల్లంలో ఉంది.

కాయ కల్లంలో ఉండడమంటే ఏమిటో మిరప వేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెబుతాను. చేలో కోసిన పండుకాయను చదును చేసిన నేల మీద పరిచి రోజుల తరబడి ఎండబెడతాం. ఆ నేలే కల్లం. పొద్దునా సాయంత్రం కాయలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి, కిందది పైకి, పైది కిందికి తిరగబోస్తాం. ఆ రోజుల్లో ఒక్క జల్లు పడిందంటే కాయ మెత్తబడుతుంది, మచ్చ వస్తుంది, రంగు పోయి తెల్లబడుతుంది. దాన్ని తాలుకాయ అంటాం. మిర్చి యార్డులో కొనేవాడు దాన్ని చూడగానే మొహం అటు తిప్పుకుంటాడు. అందుకని మబ్బు కనబడితే చాలు, అన్నం ముందు కూర్చున్నా సరే లేచి పరుగెత్తాలి. కాయను కుప్ప చేసి పట్టా కప్పాలి.

ఒక్క మనిషితో అయ్యే పని కాదది. మా ఆయన ఉన్నప్పుడు ఇద్దరం చేసుకునేవాళ్ళం. ఆయన పోయి పదకొండేళ్ళు. అప్పటినుంచి నేనూ మా తోడికోడలూ చేసుకుంటున్నాం. ఆమె మా బావగారి భార్య, నాకన్నా పెద్దది. బావగారికి నడుం పడిపోయింది, మంచం దిగడు. మా రెండు కల్లాలూ పక్కపక్కనే. మధ్యలో గట్టు గురించి ఏటా తగువు పడతాం, మాటలు మానేస్తాం. మబ్బు పడితే మాత్రం ఆమె పట్టా ఒక కొస నేను పట్టుకుంటాను, నా పట్టా ఒక కొస ఆమె పట్టుకుంటుంది.

హోటలు సంగతి చెప్పేసరికి మా తోడికోడలు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కాయ పెట్టుకుని సముద్రానికి పోతావంటే?"

"నేను పోనన్నా గదక్కా. అది ఇనడంలా."

"పోనంటే అది ఏడవదూ? పో. ఒక్క రోజేగా. నీ కాయ నేను తింటానా?"

"వానొస్తే?"

"నువ్వుంటే ఆపుతావా వానని? నేనున్నా గదే. పోయి ఆ ఏసీలో పడుకుని ఆ మొహం కాస్త తెల్లబరుచుకుని రా."

పొద్దున్నే కాయ తిరగబోసి, చిలకలూరిపేటలో చీరాల బస్సెక్కాను. ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక లేదు. అయినా పర్చూరు దాటేదాకా కిటికీలోంచి మెడ బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. పక్క సీటావిడ విసుక్కుంది కూడా.

హోటలు గుమ్మంలో చెప్పులు విడిచాను. ఆ నేల అట్లా ఉంది మరి. నా నీడ కాదు, నేనే కనబడుతున్నాను అందులో, చీర కుచ్చెళ్ళతో సహా. "పర్లేదు మేడమ్, వేసుకోండి" అంది అక్కడున్న పిల్ల. మేడమ్ అంటే ఎవరా అని వెనక్కి చూశాను. ఈలోగా ఆ పిల్ల పళ్ళెంలోంచి కుంకుమ తీసి నా నుదుటి మీదికి చెయ్యి తెచ్చింది. నేను మొహం పక్కకు తిప్పుకునే లోపలే పెట్టేసింది. పదకొండేళ్ళయింది ఆ చోట వేలు తగిలి. మా అమ్మాయి నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. "ఉండనీలే అమ్మా" అంది మెల్లిగా. ఉండనిచ్చాను.

గది తలుపు తీయగానే చల్లగాలి మొహాన కొట్టింది. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు, కాయ చెడకుండా అందులో దాస్తారు. అంత చలవ మనుషుల కోసం పెట్టడం అప్పుడే చూశాను. మంచం మీద తెల్లటి దుప్పటి, దాని నాలుగు మూలలూ కత్తితో కోసినట్టు మడతపెట్టి ఉన్నాయి.

"ఇది ఎవరేశారే?"

"నేనే. నువ్వొస్తున్నావని నేనే ఏశా."

దుప్పటి మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాను. పొద్దున కాయలో పెట్టిన చేతులు. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ కింద ఘాటు ఉండిపోతుంది. స్నానాల గదిలో తెల్లటి తువ్వాళ్ళు బొత్తి పెట్టి ఉంటే అవీ ముట్టుకోలేదు, పైట చెంగుతోనే మొహం తుడుచుకున్నాను.

"ఎందుకే అమ్మా, అవి నీకే."

"నేను తుడుచుకుంటే రేపు ఇంకెవరో మొహం తుడుచుకుని కళ్ళు మండి కేకలు పెడతారు."

"ఉతుకుతారే!"

"ఉతికితే పోద్దంటే ఘాటు?"

అది నవ్వి, మంచం మీద కూలబడి మరీ నవ్వింది. తర్వాత లేచి గోడంత ఉన్న అద్దం తలుపు పక్కకు జరిపింది.

సముద్రాన్ని నేను టీవీలో చూశాను. ఊళ్ళో చూసినవాళ్ళు చెబితే విన్నాను. ఇంతదూరంలోనే ఉంది, చూసిరావడానికి ఒక పూట పట్టదు. అయినా యాభై రెండేళ్ళు వచ్చేదాకా కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చూశాను. చివర కనబడలేదు. మా పొలాల్లో ఎంత దూరం చూసినా ఎక్కడో ఒక తాడిచెట్టు, ఒక కరెంటు స్తంభం చూపుకు అడ్డం పడుతుంది. ఇక్కడ చూపు పోయి పోయి ఆగే చోటు లేక తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆ చప్పుడు ఒకటి. ఒకరు పిలిచినట్టూ కాదు, తిట్టినట్టూ కాదు, ఆగదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. దేవుడనుకుని కాదు, అంత పెద్దదాని ముందు చేతులు ఊరికే కిందికి వేలాడేసుకుని నిలబడడం చేతకాలేదు.

తర్వాత ఒడ్డున ఉన్న ఇసక చూశాను. ఇంత మెరక, ఇంత ఎండ, ఇంత గాలి. ఎంత కాయ ఎండేసుకోవచ్చో కదా అనిపించింది. ఆ మాట అంటే మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది.

మధ్యాహ్నం భోజనంలో ఎన్ని రకాలు పెట్టారో లెక్క చెప్పలేను. ఒక పచ్చడి మాత్రం గుర్తుంది. ఎర్రగా నిగనిగలాడుతోంది, నోట్లో పెట్టుకుంటే కారమే లేదు. రంగు కోసం వేసే కాయ అది, నాకు తెలుసు. మూడుసార్లు లేచి బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చాను. నీలంగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి మా అమ్మాయి నన్ను ఈతకొలను పక్కన కూర్చోబెట్టి పని మీద లోపలికి వెళ్ళింది. గడ్డి మీద వరసగా పొడుగు కుర్చీలు, వాటి మీద ఎర్రటి పరుపులు ఎండలో పరిచి ఉన్నాయి. నీళ్ళలో ఆడా మగా, పిల్లలు. నేను సముద్రం చూస్తూ ఉన్నాను. ఆ చల్లగాలికి కళ్ళు మూతలు పడ్డాయి.

గాలి మారింది. అది నిద్రలోనైనా తెలుస్తుంది నాకు. అప్పటిదాకా సముద్రం మీది నుంచి వీస్తున్నది ఆగిపోయి, వీపు వైపు నుంచి వచ్చింది, తడిసిన మట్టి వాసనతో. కళ్ళు తెరిచి వెనక్కి చూస్తే పడమట ఆకాశం సగం నల్లగా ఉంది.

ఇక నాకేమీ తెలియదు. లేచాను. "పట్టాలు! పట్టాలు తీయండి!" అని అరిచాను. ఎర్రగా పరిచి ఉన్నవన్నీ లాగుతున్నాను. ఒక పరుపు చంకలో, ఒకటి నెత్తిన. ఈత దుస్తుల్లో ఉన్న ఒకావిడ నీళ్ళలోంచి లేచి వచ్చింది.

"ఏమైంది ఆంటీ?"

"మబ్బమ్మా మబ్బు! చూస్తావేంది, ఆ కొస పట్టుకో!"

పాపం, ఎవరో ఏమిటో, ఆ కొస పట్టుకుంది. ఇద్దరం వరస మొత్తం వసారా కిందికి చేరవేశాం. కుప్ప వేసి, పైన కప్పడానికి పట్టా కోసం చుట్టూ వెతుకుతుంటే మా అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుంది.

"అమ్మా! అమ్మా, ఇక్కడ కాయ లేదే!"

అప్పుడు చూశాను నేను కుప్ప చేసినవేమిటో. అమ్మాయి చేతులు విడిపించుకుని పడమటకు తిరిగాను. సిగ్గుతో కాదు. ఆ మబ్బు పడమట నుంచి వస్తోంది. పడమట మా ఊరుంది. ఇక్కడికి రాకముందే అక్కడ కురిసి ఉంటుంది.

మా అమ్మాయి వాళ్ళ పెద్దమ్మకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడోసారీ ఎత్తలేదు. ఏడాది చాకిరీ, చలికాలం పొడుగునా మోసిన నీళ్ళు, తలకెక్కిన పురుగుమందుల వాసన, అంతా ఆ నేల మీద పరిచి ఉంది. దాన్ని వదిలి నేనిక్కడ చల్లగా కునుకు తీశాను. వసారా స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

వాన మొదలైంది. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కరూ బయటికి రాలేదు. మొహాలు పైకెత్తి, నోళ్ళు తెరిచి, కేరింతలు కొట్టారు. ఒడ్డున ఉన్నవాళ్ళు కావాలని వానలోకి వెళ్ళారు. ఎండాకాలంలో వాన పడితే ఏడవని మనుషుల్ని అప్పుడే చూశాను. వాళ్ళ మీద కోపం రాలేదు. వింతగా చూశాను, అంతే.

ఫోను మోగింది. మా తోడికోడలు. ఆయాసపడుతోంది.

"ఎన్నిసార్లు చేస్తావే? చేతులు ఖాళీ ఉండొద్దా?"

"అక్కా, కాయ..."

"కప్పా. నీదంతా కప్పా. ఒక్క చుక్క పడలా."

"నీది?"

"సగం తడిసింది" అంది.

"అదేందక్కా! నీది ముందు కప్పుకోవద్దూ?"

"నాది తడిస్తే నన్ను నేను తిట్టుకుంటా, అయిపోద్ది. నీది తడిస్తే సముద్రానికి పంపి ముంచావని చచ్చేదాకా అంటావు. ఎవరు పడతారే నీతో? పెట్టెయ్, తడిశా."

పెట్టేసింది. నేను ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉండిపోయాను. అప్పుడు సముద్రం వైపు చూశాను. వాన సముద్రం మీద పడుతోంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, లోకంలో ఉన్న నీళ్ళన్నీ అక్కడే కురుస్తున్నట్టు. ఎవరి కాయా తడవడం లేదు, ఎవరూ పరుగెత్తడం లేదు. ఎంత పడితే అంత కలిపేసుకుంటోంది, నిండినట్టు లేదు. వాన ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. తల ఎత్తి చూసినప్పుడల్లా భయంతోనే చూశాను దాన్ని. అది వెలిసేదాకా అక్కడే నిలబడ్డాను. మా అమ్మాయి నా పక్కనే నిలబడింది. దాని పెద్దసారు వచ్చి, పరుపులు తడవకుండా తీసింది ఎవరని అడిగాడట. మా అమ్మేనండి అని చెప్పింది. నవ్వాడో లేదో చెప్పలేదు.

మర్నాడు టిఫిను తిని వెళ్ళమంటే వినకుండా మొదటి బస్సు పట్టుకున్నాను. ఇంటికి కూడా పోలేదు, నేరుగా కల్లానికి వెళ్ళాను. మా తోడికోడలు తడిసిన కాయను పలచగా పరిచి, మెత్తబడ్డవి ఏరుతోంది. సంచీ గట్టు మీద పడేసి నేనూ పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. నా నుదుటి మీది కుంకుమ వైపు ఒకసారి చూసి, మళ్ళీ కాయలోకి వంగింది.

"ఎట్టా ఉందే సముద్రం?" అంది చివరికి.

చెబుదామని నోరు తెరిచాను. నేల సంగతి చెప్పాను, కారం లేని పచ్చడి సంగతి చెప్పాను, నెత్తిన పరుపు పెట్టుకుని పరుగెత్తిన సంగతి చెబితే నవ్వలేక దగ్గింది. సముద్రం సంగతి వచ్చేసరికి నాకు మాట దొరకలేదు.

"వచ్చే ఏడు నువ్వు పో అక్కా" అన్నాను. "నీ కాయ నేను కాస్తా. ముందు నీదే కప్పుతా."

"చెప్పొచ్చావులే. ఆ మూల ఇంకా తడి ఉంది, అటు జరుగు."

జరిగాను.