మామ తాళాలు, మూత లేని హెడ్‌ఫోన్

పాటలు వినేవాళ్లు హెడ్‌ఫోన్ల మీద తీర్పులు చెప్పుకునే గ్రూపు ఒకటి నా ఫోన్‌లో ఉంది. నిన్న పొద్దున అందులో ఎవరో కొత్తాయన, "ఓపెన్‌బ్యాక్ కొందామనుకుంటున్నాను, వాడినవాళ్లు చెప్పండి" అని అడిగాడు. మధ్యాహ్నానికి అభిప్రాయాలు కుప్ప పడ్డాయి. ఒకాయన శబ్దం విశాలంగా ఉందన్నాడు. ఇంకొకాయన వెచ్చగా ఉందన్నాడు, అన్నం గురించి చెప్పినట్టు. సన్నటి శబ్దాలు చెవులను కోస్తాయని ఒకరు, అసలు సన్నటి శబ్దాలే లేవని మరొకరు, ఇద్దరూ ఒకే హెడ్‌ఫోన్ గురించి. అందరూ ఒప్పుకున్న మాట మాత్రం ఒక్కటే: శబ్దం బయటికి కారుతుంది, పక్కన మనుషులుంటే పనికిరాదు. ఆ మాట దగ్గర నా వేలు ఆగింది. నా హెడ్‌ఫోన్ శబ్దం బయటికి కారకపోయి ఉంటే, ఆ రోజు పక్కన మనుషులు లేకపోయి ఉంటే, మా మేనమామ ఈపాటికి భజన మానేసి ప్రపంచం మీద అలిగి కూర్చునేవాడు.

డిగ్రీ కోసమని హుజూరాబాద్ నుంచి కరీంనగర్ వచ్చి మామ ఇంట్లో దిగాను. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం కూడా ఈ ఊళ్లోనే దొరికింది, నేను మాత్రం కదల్లేదు. ఎప్పుడు పోతావని మామ గాని అత్తమ్మ గాని ఒక్కసారి అడగలేదు. అడుగుతారేమోనని నేను కూడా ఆ ప్రస్తావన తేలేదు. మామ ఊరి బయట గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. రాయి కోసే బ్లేడు పక్కన మాట్లాడాలంటే అరవాలి. ఆ అలవాటును మామ టిఫిన్ డబ్బాతో పాటు రోజూ ఇంటికి తెచ్చేవాడు. శనివారం సాయంత్రం మాత్రం తెల్ల అంగీ వేసుకుని కాలనీ భజనకు పోయేవాడు. అక్కడ ఆయన పని తాళాలు కొట్టడం. ఎర్ర దారం కట్టిన రెండు కంచు బిళ్లలు, అరచేతిలో ఇమిడేవి. పాడేవాళ్లు పది మంది ఉన్నా భజనను నడిపేది తన చేతులేనని మామ నమ్మకం. నాలుగేళ్లుగా ఆ చేతుల్లో బలం పెరుగుతూ వచ్చింది. భజన అయిపోయాక కూడా అరగంట సేపు నా చెవుల్లో తాళాలు మోగేవి. భక్తి ముదిరిందనుకున్నాం. ఇంట్లో కుక్కర్ ఆరో విజిల్ వేస్తున్నా పక్కనే పేపరు చదువుకునేవాడు. అత్తమ్మ వంటింట్లోంచి పిలిస్తే తల కూడా తిప్పేవాడు కాదు. సంసారమన్నాక అంతేననుకుంది అత్తమ్మ. నేనైతే మామకు 'సైలెంట్ మోడ్' అని పేరు పెట్టి, వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించాను. ఇప్పుడా పేరు తలచుకుంటే నాకే నవ్వు రాదు.

నా ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ ఆ రోజుకు ఇంటికొచ్చి వారమే అయింది. చెవుల మీద కూర్చునే గిన్నెలకు బయటివైపు మూత ఉండదు, జాలీ ఉంటుంది. లోపలి పాట బయటికి పోతుంది, బయటి మాట లోపలికి వస్తుంది. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వెనుక మూత లేదేందిరా? పడిపోయిందా, అమ్మినోడు ఇయ్యలేదా?" అని అడిగింది. అది అట్లాగే ఉంటుందని, అందుకే దానికి ఆ పేరని వివరించాను. "అయితె జల్లెడ అను" అంది.

ఒక ఆదివారం పొద్దున మామ దోస్తు చాచా వచ్చాడు. మైక్ సెట్లు కిరాయికిచ్చే షాపు ఆయనది. భజనకు మైకు మాత్రం ఊరికే పెడతాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నన్ను ఆపి గొంతు తగ్గించాడు. "బేటా, మోత ఓర్వలేక భజన పెద్దమనుషులు ఫైసలా చేసిండ్రు. వచ్చే శనివారం సంది తాళాలు వేరేటోల్లకు ఇస్తరట. మామకు చెప్పుమని నన్ను పంపిండ్రు. నాతోని గాదు. నువ్వు జోకులేస్తవ్ గదా, జోకు తీర్గ చెప్పు." తాళాలు లేకపోతే మామకు శనివారమే లేదు, దాన్ని జోకుగా చెప్పే తెలివి నాకు లేదు. నిన్నటి భజన రికార్డు చాచా ఫోన్‌లో ఉందని తెలిసి ఒక ఉపాయం తోచింది. మన నోటితో ఎందుకు, ఆయన మోత ఆయనే వింటాడు, అర్థమవుతుంది. కొత్త హెడ్‌ఫోన్ ఎట్లా ఉందో మీ అభిప్రాయాలు కావాలని ముగ్గురినీ హాల్లో కూర్చోబెట్టి, ఆ రికార్డు పెట్టాను.

అత్తమ్మ ముందు పెట్టుకుంది. "పాడేటోల్లు చెవుల చొరవడ్డట్టు లేదు. ముందట గదిల చాప మీద కూసోని పాడుతున్నట్టుంది" అంది. గ్రూపులో పేజీలు పేజీలు రాసేవాళ్లు ఇంత బాగా చెప్పడం నేను చూడలేదు. చాచా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "సాఫ్ ఉంది. గని దమ్ము తక్కువ. బరాత్‌కు పనికిరాదు." తర్వాత మామ. పెళ్లికొడుకు తలపాగా సర్దుకున్నంత శ్రద్ధగా నెత్తి మీద సర్దుకుని, మోకాలి మీద వేళ్లతో లయ వేస్తూ రెండు నిమిషాలు విన్నాడు. "హార్మోనియం మస్తుంది. డోలక్ సుత మంచిగుంది" అని ఆగి, నా వైపు చూశాడు. "గని నా తాళాలేవిరా?"

హాలంతా వినిపిస్తున్నవి తాళాలొక్కటే. ఆ జాలీలోంచి ఛళ్ ఛళ్ అని కారి సోఫా దాకా, వంటింటి గడప దాకా వస్తున్నాయి. వాటి నడుమ కూర్చున్న మనిషికి మాత్రం అవి లేవు.

"భాయ్, నీ మైకు నా తాళాలను పట్టలేదా?" అని మామ చాచాను అడిగాడు.

చాచా టీ కప్పు కింద పెట్టాడు. "పట్టుడు గాదు, భాయ్. వారం వారం నీ కాడికెల్లి ఒక అడుగు దూరం జరుపుకుంట వచ్చిన. నిన్న చెప్పులిడిసే కాడికి వచ్చింది నా మైకు. మాకు గవే ఇనవడుతయ్. నీకు ఇనవడ్తలేవా?"

మామ హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "తాళాలు ఇనవడని చెవులు నాకెందుకు? ఇగ నేను భజనకు రాను. తాళాలు దేవుని దగ్గర పెట్టేస్త" అన్నాడు.

"దేవుని దగ్గర జాగ లేదు, నిన్ననే కొత్త దీపం పెట్టిన" అంది అత్తమ్మ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంటే నేను పిలిస్తె ఇనవడకనే నువ్వు పలుకలేదా? నాలుగేండ్ల సంది ఉత్తగనే నీ మీద కోపం చేసిన గదయ్యా... లెవ్వు, రేపే దవాఖానకు పోదాం."

చెవుల డాక్టర్ దగ్గర మామ చెవులకు ఇంకో హెడ్‌ఫోన్ పెట్టారు. కీచుమంటే మీట నొక్కాలి. బయటికొచ్చి, "గీంట్ల పాటలే లేవురా" అని దాని మీద కూడా అభిప్రాయం చెప్పాడు. పరీక్ష కాగితం మీద వినికిడి గీత బాగానే నడిచి, సన్నటి శబ్దాల దగ్గరికొచ్చాక డ్యామ్ కట్ట మీంచి దిగినట్టు దిగిపోయింది. ఫ్యాక్టరీ రాళ్ల మోత మొదట సన్నటి శబ్దాలనే తినేస్తుందట. చెవి మిషను పెట్టుకొమ్మంటే, ముసలోని లెక్క పెట్టుకోనని మామ భీష్మించాడు. డాక్టర్ దాన్ని అరచేతిలో పెట్టి చూపించారు. చెవిలోకి పోయే రబ్బరు కొనకు చిన్న చిన్న రంధ్రాలు, చెవి మూసుకుపోకుండా. "మామా, గిది సుత జల్లెడనే" అన్నాను. మామ నవ్వాడు. నా జోకుల్లో పనికొచ్చింది అదొక్కటే.

చాచా పెద్దమనుషులను బతిమాలి ఒక్క శనివారం గడువు తెచ్చాడు. ఆ సాయంత్రం మామ చెవి మిషను పెట్టుకుని కూర్చుని, మొదటి దెబ్బ అలవాటు కొద్దీ కొట్టి, తనే ఉలిక్కిపడి తాళాలను పొట్టకు అదుముకున్నాడు. "అవ్వ! గింత మోత చేస్తున్ననా నేను? ఇన్నొద్దుల సంది మీరెట్ల కూసున్నరే?" పదిమందీ నవ్వారు. రెండో దెబ్బ నెమ్మదిగా కొట్టి, కంచు సన్నగా సాగి సాగి ఆగిపోయేదాకా తల వంచుకుని విన్నాడు. చాచా ఏమీ అనకుండా లేచి, చెప్పుల దగ్గరున్న మైకును తెచ్చి మామ ముందు పెట్టాడు.

గ్రూపులో ఆ కొత్తాయనకు నేనూ నా అభిప్రాయం రాశాను: "కారుతుంది. పక్కన మనుషులుంటేనే కొనండి." వేళాకోళమనుకుని ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. అప్పుడే వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది. మామ పేపరు మడిచి, లేచి వెళ్లి స్టవ్ ఆపాడు. అత్తమ్మ పిలుపులు, విజిళ్లు ఆ నాలుగేళ్లలో ఎన్ని ఆయన్ను దాటిపోయాయో ఎవరికీ తెలియదు. పోయిన కాలాన్ని మళ్లీ వినిపించే మిషను ఇంకా రాలేదు, వస్తే మొదట మామకు పెట్టి, ఎట్లా ఉందో అడిగి రాస్తాను.