అక్క వాళ్ళ కొండవాలు

ఆ శుక్రవారం సాయంత్రం సీఫ్‌లోని ఒక మాల్‌కు నలుగురం వెళ్ళాం: బాబా, మామా, అక్క, నేను. బాబా అంటే నా కఫీల్, వీసా ఇచ్చి నన్ను ఈ గల్ఫ్ దేశానికి తెచ్చుకున్నాయన. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానిని అలాగే పిలుస్తాం, ఆయన భార్యను మామా అంటాం. నేను వాళ్ళ కారు నడుపుతాను. అక్క వాళ్ళింట్లో వంట చేసేది. ఇండోనేషియా మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. గలాలీలోని ఆ ఇంట్లో ఆమె చేతివంట తింటూ తొమ్మిదేళ్ళు గడిపాను. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను భాయ్ అనేది. మా ఇద్దరికీ కలిసిన భాష అరబ్బీ, అదీ వంటింటి అరబ్బీ. కానీ ఆమె మాటలు నాకు మా జగిత్యాల యాసలోనే గుర్తున్నాయి. అలాగే రాస్తాను.

మాల్ కింది అంతస్తులో పరదేశాల భూములు అమ్మే ప్రదర్శన పెట్టారు. మామాకు మోకాళ్ళు పనిచేయవు. అక్క ఆమె చక్రాల కుర్చీని నెడుతుంటే నేనూ బాబా ముందు నడిచాం. చివరి స్టాలులో గోడంత తెర, దాని మీద పచ్చటి కొండ. కింది నుంచి మబ్బుల దాకా మెట్లు మెట్లుగా వరిమడులు. సుమత్రా ద్వీపంలో ఇంకా ఎవరికీ తెలియని పల్లె అని చెప్పాడు స్టాలు మనిషి. ఇప్పుడు లీజుకు తీసుకుంటే ఊట పక్కనే విల్లా కట్టుకోవచ్చు, రేపు పర్యాటకులు వస్తే వాళ్ళే అద్దె ఇస్తారు అన్నాడు. బాబా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ పచ్చదనం ఆయనకు బాగా నచ్చింది.

వెనక కుర్చీ చక్రాల చప్పుడు ఆగిపోయింది.

"ఇది మా ఊరు" అంది అక్క.

స్టాలు మనిషి నవ్వాడు. ఇండోనేషియాలో ఇలాంటి కొండలు వేలున్నాయన్నాడు. అక్క కుర్చీని వదిలి తెర దగ్గరకు వెళ్ళింది. ఎప్పుడూ యజమానుల ముందు గొంతెత్తని మనిషి, తెర మీద వేలు పెట్టి చెప్పసాగింది.

"గీ చెట్ల సందుల బర్రె కొమ్ముల లెక్క కప్పు కనవడ్తలేదా? అది మా ఇల్లు. ఎడమ దిక్కు కొమ్ము గాలికి ఇరిగితే మా తమ్ముడు రేకు కొట్టిండు. పెద్దగ చేసి సూడుండ్రి."

అతను బొమ్మను పెద్దది చేశాడు. చెట్ల మధ్య నల్లటి కప్పు, రెండు వైపులా కొమ్ముల్లా పైకి లేచిన చివరలు. ఎడమ చివర తుప్పు పట్టిన రేకుముక్క ఎర్రగా కనిపించింది. అంత పెద్ద తెర మీద, పరదేశపు మాల్‌లో, తన ఇంటి కప్పు ముందు అక్క నిలబడి ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ముహర్రఖ్ వంతెన మీద బాబా వెనక్కి తిరిగి అడిగాడు.

"ఆ నేల మీ నాన్నదా?"

"కాదు బాబా. మా అమ్మది. అమ్మకు అమ్మమ్మ ఇచ్చింది. మా తాన నేల ఆడోళ్ళకే వస్తది. అమ్మ తర్వాత మా అక్కచెల్లెండ్లకు. అమ్మాలన్నా, ఇయ్యాలన్నా అందరు ఒప్పుకోవాలె. అందరిల నేనే పెద్దదాన్ని. నన్ను ఎవ్వలడగలే."

ఎదురుగా సిగ్నల్ ఎర్రగా మారడం చూసుకోలేదు. ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాను. తొమ్మిదేళ్ళుగా మాకు చాయ్ పోసిన మనిషి ఒక కొండకు వారసురాలు. ఏనాడూ చెప్పలేదు. మేం అడగనూ లేదు.

మరుసటి రోజు పొద్దున బాబా అక్కను, నన్ను మజ్లిస్‌లోకి పిలిచాడు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే ఆ పెద్ద గదిలో మేం అంతవరకు ట్రేలు పట్టుకునే నడిచాం. ఆ రోజు కూర్చోమన్నాడు. అక్క వాళ్ళ చెల్లెలికి వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పటికే మధ్యాహ్నం. చెల్లెలు ఫోన్ పట్టుకుని వట్టి కాళ్ళతో మడి గట్టు వెంట నడుస్తుంటే మేం ఆమెతో పాటు కొండ ఎక్కినట్టయింది. ఒక మడిలో నాట్లు వేస్తున్నారు. దాని పై మడిలో పొట్ట మీదున్న వరి. ఆ పైన కోతలు. ఇంకో మడిలో నీళ్ళు నిలిపి చేపలు పెంచుతున్నారు. అన్నింటికీ పై నుంచే నీళ్ళు, ఒక మడి నిండి ఇంకో మడిలోకి దిగుతూ. నేను వెతికాను, ఎక్కడా మోటారు లేదు, పైపు లేదు. ఊళ్ళో మా బోరు ఎండిన ప్రతిసారీ మా నాన్న ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు.

కొండ మీద రాళ్ళ మధ్య ఊట దగ్గర చెల్లెలు ఆగింది. విల్లా కడతామన్నది అక్కడే.

"అడ్డం గోడ పెడితె కిందికి నీళ్ళెట్ల దిగుతయి?" అంది అక్క.

బాబా ఊటనే చూస్తూ చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఇక్కడి సముద్రం అడుగునా మంచినీటి ఊటలు ఉండేవట. వాళ్ళ నాన్న ఉప్పునీళ్ళలో మునిగి, అడుగున పొంగే తియ్యటి నీళ్ళను తోలుసంచిలో పట్టి తెచ్చేవాడట. "ఆ నీళ్ళు నేను తాగాను. ఇప్పుడవి లేవు" అన్నాడు. సముద్రంలో మంచినీళ్ళు! రోజూ ఆ ఒడ్డునే కారు ఆపే నాకు ఆ సంగతి తెలియదు.

"ఆ నేల ఇవ్వడం నీకు ఇష్టమేనా?" అని అడిగాడు బాబా.

"లేదు బాబా."

"ఖలాస్. విల్లా మాట ఇక లేదు. మరి చుట్టంగా రావచ్చా?"

అక్క తెరలోకి తిరిగి తన భాషలో అడిగింది. వక్క నములుతున్న వాళ్ళ ముసలి అమ్మ ముఖం ఫోన్ నిండా కనిపించింది. ఆమె చెప్పింది విని అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"రమ్మంటుంది. మా ఇండ్లల్ల మొగోళ్ళు ఎట్లయినా చుట్టాలేనట. కని మామాను ఎంట తేవాలెనట."

రెండు నెలల తర్వాత ముగ్గురినీ విమానాశ్రయంలో దించాను. అక్క సామాను బాబా తానే బండి మీద పెట్టి నెట్టుకుంటూ వెళ్ళాడు. పదిహేను రోజులకు ఇద్దరే తిరిగి వచ్చారు.

"అక్క ఏది బాబా?"

"ఆమె ఇంట్లో ఉంది" అన్నాడు.

తల్లి ముసలిదైందని, ఇక అక్కడే ఉంటానని అక్క చెప్పిందట. బాబా అక్కడే ఒప్పుకున్నాడు. దారి పొడవునా ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెప్పారు. ఇంటివాళ్ళంతా చాపల మీద కూర్చుని, అక్క నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడలేదట. ఆమె లీజు వద్దంది, అంతటితో ఆ మాట ముగిసింది. మామాను వెదురు కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు ఆడవాళ్ళు మడుల గట్ల మీదుగా ఊట దాకా మోసుకెళ్ళారట. "పడేస్తారని కళ్ళు మూసుకున్నాను. తెరిస్తే కాళ్ళ కింద మబ్బులు!" అంది మామా. బాబా దోసిలితో ఊటనీళ్ళు తాగాడు. తాగి ఏడ్చాడని మామా చెప్పింది, ఆయన కాదనలేదు. నేను కారు మెల్లగా నడిపాను, ఇల్లు అప్పుడే రాకూడదని.

ఇప్పుడు వంటకు వేరే ఆమె వచ్చింది. అక్క అప్పుడప్పుడు వీడియోలు పంపుతుంది. మొన్న వచ్చిన దాంట్లో ఆమె మోకాలి లోతు బురదలో నాటు వేస్తూ పై మడిలో కోస్తున్నవాళ్ళను కేకేస్తోంది. దాన్ని ఊళ్ళో ఉన్న మా ఇంటావిడకు పంపి ఫోన్ చేశాను.

"నాటు, కోత ఒక్కదినమే ఎట్లయితయి?" అంది ఆమె.

"సూసినవ్ గద."

"సూసిన. నాలుగుమాట్ల సూసిన" అంది. తర్వాత ఆ నీళ్ళెక్కడివో చెప్పమంది. కొండ మీది ఊట నుంచి మొదలుపెట్టాను.