తప్పంతా ఫ్యానుదే

తిరుపతి టౌనులో శకుంతలమ్మ తప్పు పట్టని శబ్దం అంటూ లేదు. మనుషుల పాటకు తప్పు పట్టడం సంగీతం టీచర్లందరూ చేసే పనే. శకుంతలమ్మ కుక్కరు విజిల్‌కు కూడా తప్పు పట్టేది. "మూడో విజిలు శృతి జారింది సూడు," అని టక్కున స్టవ్వు ఆర్పేసేది. పప్పు ఉడికిందా లేదా అన్నది ఆవిడ పట్టించుకునే సంగతి కాదు. ఆ ఇంట్లో చాలా ఏళ్ళు సగం ఉడికిన పప్పే తిన్నారు.

సొంత అల్లుడినీ వదల్లేదు. "పిల్లోడు మంచోడే. కానీ గురక షడ్జంలో ఎత్తుకుని మధ్యలో వదిలేస్తాడు. ఒక పట్టున నిలవడు," అని కూతురితోనే అంది. అత్తగారింటికి వచ్చినప్పుడల్లా ఆ అల్లుడు పాపం మేడ మీద పడుకునేవాడు.

వీధిలో టమాటాల బండి తోసుకొచ్చే శాంతయ్యను ఒకరోజు నిలబెట్టేసింది. "ఏమప్పా, ఎందుకట్లా పైస్థాయిలో అరిసి సస్తావు? ఒక మెట్టు కిందికి దిగు. టమాటా అనేటప్పుడు 'మా' కాడ కొంచేపు నిలబడు." బేరం పోతుందన్న భయంతో శాంతయ్య అలాగే నిలబడ్డాడు. వారం తిరిగేసరికి టమాటాలు అక్కర్లేనివాళ్ళు కూడా ఆ కేక వినడానికి వాకిట్లోకి వస్తున్నారని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇవన్నీ జోయల్ కథలుగానే విన్నాడు. కొర్లగుంటలో ఒక జ్యూస్ అంగడి పైన అతనికి చిన్న రికార్డింగ్ గది ఉంది. చర్చి పాటలు, ఎన్నికలప్పుడు ఆటోల్లో మోగే ప్రచారాలు, పాత ఇనుము కొంటామనే కేకలు, ఇవీ ఆ గదిలో తయారయ్యేవి. మే నెలలో ఒక పొద్దున శకుంతలమ్మ మెట్లెక్కి వచ్చి వాకిట్లో నిలబడింది. లోపలికి రాకముందే గదిని ఒకసారి చెవితో వెతికింది.

"నీ కంప్యూటరు గొణుగుతా ఉండాది. సరే, దాన్ని తర్వాత సూస్తాం. నేను సోలో ఆల్బమ్ తియ్యాల అబ్బయ్యా. వీణ. నేనొక్కదాన్నే."

వెనకనుంచి ఇద్దరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. జోయల్ తొంగి చూశాడు.

"మరి వీళ్ళెవరు టీచరమ్మా?"

"సాయానికి వచ్చినారు."

ఆ ఇద్దరిలో ఒకాయన మునిరామయ్య. తిరుపతి–పుత్తూరు బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు టికెట్ల సంచి మీద తాళం వేసిన చేతులతో ఇప్పుడు మృదంగం వాయిస్తున్నాడు. రెండో ఆవిడ చంద్రకాంతమ్మ. శకుంతలమ్మతో కలిసి సంగీతం నేర్చుకున్న స్నేహితురాలు. బంగారుపాళ్యంలో బడిపిల్లలకు పాటలు చెప్పి చెప్పి రిటైరై, ఇప్పుడు శకుంతలమ్మ పక్క వీధిలోనే ఉంటోంది. సన్నగా, మెత్తగా, ఎవరేమన్నా "అవునవును" అని నవ్వే మనిషి.

మొదటి రెండు రోజులూ జోయల్ ఆశ్చర్యపోయాడు. ఐదు కీర్తనలు ఐదు సార్లలో అయిపోయాయి. వీణ ఎత్తుకుంటే మళ్ళీ దించేదాకా ఒక్క స్వరం పక్కకు పోలేదు. జనం ఈవిడ గురించి ఉత్తపుణ్యానికి చెడ్డగా చెప్పుకుంటున్నారనుకున్నాడు.

మూడో రోజు ఆరో పాట మొదలైంది. ఆల్బమ్ మొత్తంలో గొంతు ఉండేది ఆ ఒక్క పాటకే. బంగారుపాళ్యం మామిడితోటల్లో కాపలా ఉండే ఆడవాళ్ళు పాడుకునే పాట అది. చంద్రకాంతమ్మ వాళ్ళమ్మ పాడేది. ఏ పుస్తకంలోనూ లేదు. చంద్రకాంతమ్మ పాడాలి, శకుంతలమ్మ వీణ మీద వెంట నడవాలి.

"గాలీ గాలీ మెల్లగ రావే, పిందెలు నిదరోయే..." అని చంద్రకాంతమ్మ ఎత్తుకుంది. గొంతు చల్లగా ఉంది. జోయల్ కళ్ళు మూసుకున్నాడు. రెండో చరణంలోకి వచ్చేసరికి వీణ ఠక్కున ఆగిపోయింది.

"ఆపండి. ఫ్యాను."

"ఫ్యానుకేమైంది టీచరమ్మా?"

"శృతిలో లేదు. పాట మీదికి వస్తా ఉండాది. ఆపెయ్."

మే నెలలో తిరుపతిలో ఫ్యాను ఆపితే ఏమవుతుందో తిరుపతి వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మునిరామయ్య చెమటకు మృదంగం కూడా నీరుగారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ రెండో చరణం. మళ్ళీ వీణ ఆగింది.

"ట్యూబులైటు."

లైటు ఆర్పి, సెల్‌ఫోను వెలుగులో పాడారు. రెండో చరణం.

"కింద ఫ్రిజ్జు."

జోయల్ కిందికి పరుగెత్తి జ్యూస్ అంగడి మునిశేఖర్‌ను బతిమాలుకున్నాడు. "ఒక్క గంట ఫ్రిజ్జు ఆపన్నా."

"ఆపితే ఐస్‌క్రీములు ఏం గావాలప్పా?" అని మునిశేఖర్ పైకి చూసి అరిచాడు.

"పైకి పంపించు!" అని మేడ మీదనుంచి జవాబొచ్చింది.

నలుగురూ కూర్చుని పదకొండు కప్పులు ఖాళీ చేశారు. చంద్రకాంతమ్మ ఒక్కతే నాలుగు తినింది. దాంతో గొంతు పట్టేసి ఆ రోజుకు పాటే లేకుండా పోయింది.

నాలుగో రోజు మునిరామయ్య చేతిగడియారం వంతు. "టిక్కుటిక్కుమని అది వేరే తాళం వేస్తా ఉండాది. తీసెయ్యి." తీసేశాడు. ఆ తర్వాత జోయల్ వంతు. "ఏమప్పా, నువ్వు పీల్చే గాలి ధైవతంలో ఉండాది. ముక్కు మూసుకో." నోటితో పీల్చాడు. అదింకా అన్యాయంగా ఉందంది శకుంతలమ్మ. పాట ఎత్తుకున్నప్పటినుంచీ అతను ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాడు. రెండో చరణం దాటకముందే వీణ ఆగింది కాబట్టి బతికాడు.

ప్రతిసారీ చంద్రకాంతమ్మ మొహం చిన్నబోయేది. "శకుంతలా, తప్పు నాదేమన్నా ఉండాదా?"

"నీకేమే! నువ్వు బంగారంగా పాడినావు. తప్పంతా ఆ ఫ్యానుదే."

"ఫ్యాను నిన్ననే ఆపేసినాం గదా టీచరమ్మా," అన్నాడు మునిరామయ్య.

"ఆపితే మాత్రం? తిరిగిన గాలి గదిలోనే ఉండాది గదా."

మునిరామయ్య ముప్పై ఏళ్ళు కండక్టరుగా రకరకాల ప్యాసింజర్లను చూసినవాడు. ఇక వాదించలేదు.

ఐదో రోజు పొద్దున వాళ్ళు రాకముందే జోయల్ గది తెరిచి కూర్చున్నాడు. ఇట్లయితే ఈ ఆరో పాట తన ఆయుష్షు ఉండగా పూర్తి కాదని అర్థమైంది. అసలా ఫ్యాను శబ్దం ఎక్కడుందో కనిపెట్టి కడిగేద్దామని, వీణ మైకునూ గొంతు మైకునూ వేరుచేసి విన్నాడు. వీణ గీత గీసినట్టు ఉంది. ఫ్యాను లేదు. ఫ్రిజ్జు లేదు. గొంతు ఒక్కటే విన్నాడు. మొదటి చరణం నిండుగా ఉంది. రెండో చరణంలో గొంతు మెల్లగా కిందికి జారుతోంది. మళ్ళీ విన్నాడు. పదిహేడు సార్లు పాడితే పదిహేడు సార్లూ అదే చోట జారింది.

జోయల్ చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. కుక్కరు మూడో విజిలు జారితే వినపడే చెవికి, పక్కన కూర్చుని పాడేది వినపడదా? వినపడకేం. వీణ సరిగ్గా అక్కడే ఆగుతోంది.

ఆ రోజు రికార్డింగు లేదని మునిరామయ్యకు ఫోను చేసి, బండేసుకుని శకుంతలమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ ఒక్కతే ఉంది. వీణ తీగలు తుడుస్తోంది.

"టీచరమ్మా, ఫ్యానులో తప్పు లేదు."

"తెలుసు," అంది తలెత్తకుండా.

"చంద్రకాంతమ్మగారికి..."

"కుడి చెవి పోయింది. ఎడమది సగం ఉండాది. పోయిన ఉగాదికి కనిపెట్టినాను. వీణ సన్నగా మోగినప్పుడు దానికి అందదు, అప్పుడు జారిపోతాది. మిషను పెట్టుకోమ్మా అని మాటల్లో మాటగా ఎవురి గురించో చెప్పినట్టు చెప్పి సూసినాను. అవునవును అని నవ్వింది. విన్నిందో లేదో దేవుడికే తెలియాల."

"నేరుగా చెప్పొచ్చు గదమ్మా?"

శకుంతలమ్మ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. "చెప్తే పాడేది మానేస్తాది. దాన్ని నాకంటే ఎరిగినోళ్ళు ఎవురప్పా? ఆ పాట దానికి తప్ప ఇంకెవురికీ రాదు. వచ్చి రికార్డింగు ఇయ్యవే అంటే, నాదేం గొంతు, నాదేం పాట అంటాది. అందుకే నా ఆల్బమ్‌కు సాయం రమ్మన్నాను. సాయమంటే వస్తాది. ఎప్పుడూ వచ్చింది."

"అంటే ఆ ఐదు కీర్తనలు..."

"ఊరికే. ఒక్క పాటతో సోలో ఆల్బమ్ అంటే నమ్ముతాదా?"

జోయల్ తల గోక్కున్నాడు. "కంప్యూటర్లో సరిచేసేస్తానమ్మా. జారిన చోట పైకి లేపేస్తే ఎవరికీ తెలీదు."

ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "మా చంద్ర గొంతుకు మిషన్తో మెరుగు పెడతావా? ఎన్నికల ఆటోకు చేసుకో, పో!"

జోయల్ చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "మా నాయన కుప్పయ్యకు గూడా చెవులు వినిపించవమ్మా. చర్చిలో డ్రమ్ము మీద చెయ్యి పెట్టుకుని పాడతాడు. అంతా అరచేతిలోనే తెలుస్తాదంట. ఎప్పుడూ తప్పలా."

శకుంతలమ్మ గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అతను బండి స్టార్టు చేస్తే దాని శృతి గురించి ఆవిడ ఏమీ అనలేదు. అప్పుడే జోయల్‌కు ఆవిడేదో ఆలోచిస్తోందని అర్థమైంది.

మర్నాడు ముగ్గురూ వచ్చారు. శకుంతలమ్మ కార్పెట్ మీద కూర్చుని, వీణ ఒళ్ళోకి తీసుకుని, మీటి, విసుక్కుంది.

"చంద్రా, ఇట్లా దగ్గరికి రా. వీణ జారుతా ఉండాది. దీని కుండ మీద చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకో."

మునిరామయ్య కార్పెట్ వంక చూశాడు, వీణ వంక చూశాడు. "కార్పెట్ మీద వీణ యాడన్నా జారుతాదా టీచరమ్మా?"

"నీకు బస్సుల గురించి తెలుసు. వీణల గురించి తెలుసునా?"

"లేదు టీచరమ్మా."

"అయితే వాయించు."

చంద్రకాంతమ్మ దగ్గరికి జరిగి, వీణ పెద్ద కుండ మీద రెండు అరచేతులూ ఆనించింది. చెంప కూడా దాదాపు కొయ్యకు తగులుతోంది. శకుంతలమ్మ మామూలుకంటే బరువుగా మీటింది. "గాలీ గాలీ మెల్లగ రావే..." మొదటి చరణం అయింది. రెండో చరణం వచ్చింది. జోయల్ మళ్ళీ ఊపిరి బిగపట్టాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే. గొంతు జారలేదు. మామిడికొమ్మ మీద కూర్చున్నట్టు నిలిచింది. మూడో చరణంలోకి పోయింది. సరిగ్గా అక్కడ చంద్రకాంతమ్మ గాజు వీణకు తగిలి ఠంగుమంది.

మునిరామయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. జోయల్ వేలు ఆపే బటన్ మీదికి పోయింది. వీణ ఆగలేదు. పాట చివరిదాకా పోయి, మెల్లగా దిగి, నిలిచింది.

మునిరామయ్య కళ్ళు తెరిచి భయం భయంగా అన్నాడు. "టీచరమ్మా, నడిమధ్యలో గాజు..."

"బాగుండాది. ఉండనియ్యి."

ఆ మాట విన్న మునిరామయ్య మృదంగం సర్దుకుంటూ, ఈవిడకు ఒంట్లో బాగుందో లేదో అడగమని జోయల్‌కు సైగ చేశాడు.

జోయల్ చంద్రకాంతమ్మకు చెయ్యి అందించి మెట్లు దింపాడు. సగం దిగాక ఆవిడ ఆగి, అతని చెయ్యి పట్టుకుంది.

"నాయనా, ఆ వీణను నేను నలభై ఏండ్లుగా సూస్తాండాను. ఒక్కనాడూ జారలా."

జోయల్ మెట్టు మీదే నిలబడిపోయాడు. "మీకు తెలుసామ్మా?"

ఆవిడ అతని పెదవుల వంకే చూస్తోంది. "నా చెవి సంగతి నాకు తెలీకుండా ఎట్లుంటాది? ఫ్యానును తిట్టిన నాడే దానికీ తెలిసిపోయిందని అర్థమైంది. రెండు దినాలు గదిలోని సామానంతా తిట్టింది గానీ, నన్ను ఒక్క మాటనలా."

"మరి మీరైనా చెప్పొచ్చు గదమ్మా?"

"చెప్తే అది బాధపడతాది. నువ్వు గూడా చెప్పబాక." ఆవిడ ఇంకో రెండు మెట్లు దిగి, మళ్ళీ తిరిగింది. మొహంలో చిన్నపిల్ల అల్లరి కనిపించింది. "మా అమ్మ పాట ఇంగొకటి ఉండాది. మామిడికాయలు కోసేటప్పుడు పాడేది. పైకి పోయి, అది ఉందని మాత్రం చెప్పు. నేనేం అడగలేదు."

జోయల్ రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయాడు. శకుంతలమ్మ వీణకు గుడ్డ చుడుతోంది.

"టీచరమ్మా, చంద్రకాంతమ్మగారికి ఇంకో పాట వచ్చంట."

ఆవిడ ముడి వేస్తూ తలెత్తలేదు. పెదవుల చివర మాత్రం నవ్వు ఆగలేదు.

"అట్లనా? అయితే రేపు గూడా వీణ జారేటట్టే ఉండాది. పదికంతా వస్తామని చెప్పు."