రెక్క మీద పలచని మంచు

ఆ ఉదయం కెనడాలోని రెజైనాలో మేం గడప దాటుతుంటే మా ఆవిడ తుమ్మింది. అంతే, మా అత్తగారు అందరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి గానీ కదలనివ్వలేదు. నేను కొత్త ఉద్యోగంలో చేరడానికి కుటుంబమంతా టొరంటో వెళ్తున్న రోజది. ఎయిర్‌పోర్ట్ దాకా సణుగుతూనే ఉన్నాను.

తీరా ఎక్కాక విమానం కదలదే! రెక్క మీద పలచగా మంచు పేరుకుందట. అరచేత్తో తుడిస్తే పోయేంత మంచు. ఆ మాత్రం గరుకున్నా రెక్క విమానాన్ని సరిగా పైకి లేపలేదనీ, పూర్తిగా పోతేనే ఎగరాలన్నది రూలనీ పైలట్ మైకులో చెప్పాడు. నారింజ రంగు వేడి మందు కొట్టి కడిగారు. ఇక వెళ్తామనుకునేలోపు మంచు కురవడం మొదలైంది. మందు పనిచేసే టైమ్ దాటిపోయిందని మళ్లీ కడగడానికి వెనక్కి తీసుకెళ్లారు.

"ఇంత చాదస్తమేంటి!" అని పైకే విసుక్కున్నాను.

పక్క సీట్లో అత్తగారు వాటర్ బాటిల్ మూత తీసి నా చేతికిచ్చారు.

"విమానం తుమ్మింది బాబూ. కాసిని నీళ్లు తాగండి, వెళ్దాం."

తాగాను. ఈసారి ఎగిరింది. మబ్బులు దాటాక, శుభ్రమైన రెక్క మీద ఎండ తళతళలాడింది. బాటిల్ మాత్రం దిగేదాకా నా ఒళ్లోనే పెట్టుకున్నాను. మళ్లీ ఎవరు తుమ్ముతారో ఏమో!