బతికున్న మనిషికి దండ

డెబ్బైల్లో తిరువూరు బస్టాండు ఎదురుగా నాకు ఫొటో స్టూడియో ఉండేది. కెమెరా చూడగానే జనం కొయ్యబొమ్మల్లా బిగుసుకుపోయేవారు. అందుకే, రోజూ బస్టాండు బెంచీ మీద కునుకు తీసే పిచ్చయ్యగారిని చాటుగా ఫొటో తీసి, పెద్దది చేయించి షాపు ముందు తగిలించాను. దసరా రోజు కెమెరాకి పూజ చేశాక, బంతిపూల దండ ఒకటి మిగిలితే అందంగా ఉంటుందని ఆ ఫొటోకి వేశాను.

పండక్కి పెనుగొలను నుంచి బస్సు దిగిన ఆయన కూతురు అది చూసి, "నాన్నోయ్!" అంటూ నడిరోడ్డు మీదే కూలబడింది. జనం మూగారు. ఇంతలో కూతురి కోసం వచ్చిన పిచ్చయ్యగారే నా మీదికి కర్ర ఎత్తారు.

"నీ మొహం మండ! నేను పోయానని నీకెవడు చెప్పాడ్రా?"

అంతలోనే ఫొటో కేసి చూసి కర్ర దించారు. "బానే వచ్చాను. దాచి ఉంచు, ఎప్పటికైనా పనికొస్తుంది."

ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్లు దుక్కలా బతికారు. నూకలు చెల్లింది నా స్టూడియోకే.