వడ్రంగిపిట్ట సంతకం

షెడ్డులో మా మావయ్యగారిని వెనకాల వడ్రంగిపిట్ట అనేవారు. ఎదురుగా కూడా అనేవారు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి. చూపుడువేలంత ఇత్తడి సుత్తి పట్టుకుని, మరమ్మతుకొచ్చిన పడవల ఒంటిమీద రోజంతా టకటకా కొట్టి వినడం ఆయన ఉద్యోగం. ఇరవయ్యేడేళ్లు అదే చేశారు. పెళ్లయ్యాక నేనూ ఆ షెడ్డులోనే చేరాను. ఇంట్లో మామ, పనిలో గురువు. ఇక తప్పించుకునే దారేది?

మా దగ్గరికొచ్చేవి సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే రెస్క్యూ పడవలు. వాటి గోడకి బయట ఒక పలచటి ఫైబర్ గ్లాస్ పొర, లోపల ఇంకొకటి, రెండింటి మధ్య బొటనవేలు మందాన గట్టి ఫోమ్. తేలిగ్గా ఉంటుంది, బలంగా ఉంటుంది, అబద్ధాలు కూడా బాగా ఆడుతుంది. మొనదేలిన రాయి తగిలితే చిల్లు పడుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. అదే మొద్దుగా ఉన్నదేదైనా గుద్దితే పైపొర లోపలికి వంగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. దాని కింద ఫోమ్ మాత్రం నలిగి, పొరనుంచి విడిపోతుంది. పైన గీత కూడా ఉండదు. తర్వాతెప్పుడో పెద్ద అల వచ్చి అక్కడే కొడితే గోడ ముడుచుకుపోతుంది. అందుకే కొట్టి వినడం. బాగున్నచోట టంగుమంటుంది, చెడినచోట మందంగా దబ్బుమంటుంది.

"అమ్మాయ్, ముందు బాగున్నచోట కొట్టు. ఆ మోత చెవిలో పెట్టుకుని అప్పుడు దెబ్బ దగ్గరికి రా. తిన్నగా దెబ్బ మీదకే వెళ్లావనుకో, చెవి దానికే అలవాటు పడిపోతుంది" అని మొదటిరోజే చెప్పారు. ఆ తర్వాత చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరారు.

ఆ మాట ఆయనే తప్పారు.

ఒక పడవ వచ్చింది. అలకి పక్కవాటుగా జరిగి, రేవుగోడకి వేలాడదీసిన లారీ టైర్లకి గుద్దుకుందట. పైకి ఏమీ లేదు. దానిమీద పనిచేసే నలుగురూ గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నారు. పడవని ఎత్తిపట్టిన పట్టీలు బాగున్న భాగాన్నంతా కప్పేశాయి. వాటిని జరపాలంటే అరగంట పని. మావయ్య జరపలేదు. పట్టీల మధ్య తలుపంత జాగా ఉంది, అక్కడే మొదలుపెట్టారు. అదే సరిగ్గా దెబ్బ నడిమధ్య. అంతటా ఒకటే మోత. తేడా లేదు కాబట్టి బాగుందనుకుని సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున అదే అచ్చులో చేసిన ఇంకో పడవ మీద సుత్తి వేశారు. టంగుమంది. మళ్లీ వేశారు. సుత్తి కింద పెట్టేశారు.

"నిన్నటిది ఇలా పలకలేదమ్మాయ్."

మా దగ్గర నియమం ఒకటుంది. రెస్క్యూ పడవలో దెబ్బ ఉన్నా లేదని రాస్తే ఆ మనిషి సంతకం ఇక చెల్లదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం నేనే "ఊరుకోండి" అనబోయాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన నా మొహం కూడా చూడలేదు, రేవుకి పరుగు తీశారు. అప్పటికే తాళ్లు విప్పుతున్నారు.

"ఆపండి! వెనక్కి తీయండి!"

"బాగుందని నిన్న మీరే కదండీ రాసిచ్చారు?" అని నలుగురూ విసుక్కున్నారు.

"రాశాను. తప్పు రాశాను."

షెడ్డుకి తెచ్చి పైపొర కోశాం. ఫోమ్ పిండిలా రాలింది, తలుపంత మేర. చూస్తున్న నలుగురిలో ఒకతను వంగి, ఆ పిండిని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

ఫోర్‌మన్ మావయ్యని పక్కకి పిలిచాడు. "మీరు చూశాక పడవ మళ్లీ టైర్లకి తగిలిందని రాసేద్దామండీ. ఇన్నేళ్ల పేరు పోగొట్టుకుంటారా?"

"తగల్లేదుగా" అన్నారు మావయ్య. పట్టీలు జరపడానికి బద్ధకించి దెబ్బ మధ్యలో మొదలుపెట్టానని రిపోర్టు రాశారు. కనీసం 'బద్ధకించి' అన్న మాటైనా కొట్టేయమని ఫోర్‌మన్ బతిమాలాడు. కొట్టేయలేదు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి అత్తయ్యతో అంటే, "నాకు ముప్పయ్యేళ్లుగా మండుతూనే ఉంది, నువ్వు కొత్త" అన్నారు.

నియమం ప్రకారం ఆయన సంతకం చెల్లకుండా పోయి, ఆ పని నా చేతికొచ్చింది. మొదటి కాగితం ఆ పడవదే, మరమ్మతు అయ్యాక. పట్టీలు జరిపించాను. బాగున్నచోట మొదలుపెట్టి, జానెడు జానెడు చొప్పున గోడంతా రెండుసార్లు విన్నాను. అయినా పెన్ను కదలదు.

"మావయ్యా, ఒక్కసారి మీరూ వినండి."

"వినను. సంతకం నీది."

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్టేశాను.

మధ్యాహ్నం పడవని పరీక్షకి నీళ్లలోకి దించారు. సముద్రం అల్లకల్లోలంగా ఉంది, పరీక్షకి అలాంటి రోజే కావాలి. నలుగురూ ఎక్కారు. వాళ్ల వెనకాల లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోవడం చేతకాక తంటాలు పడుతూ మావయ్య ఎక్కారు. ఆయనకి ఈత రాదు. మోకాలి లోతు దాటి ఆయన నీళ్లలోకి దిగడం ఎవరూ చూడలేదు. నేను సంతకం పెట్టిన గోడకి వీపు ఆనించి కూర్చుని, నావైపు చూడకుండా, పోనివ్వమని వాళ్లకి చెయ్యి ఊపారు.